అల్ట్రాసౌండ్‌తో వైద్యం: కొత్త పరిశోధకులు ఎక్కడ మొదలుపెట్టాలి?

అల్ట్రాసౌండ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది స్కానింగ్ సెంటర్. అదే ధ్వనిని ఇంకా గట్టిగా, ఒకే చోటికి చేరేలా పంపితే అది చికిత్సగా మారుతుంది. గర్భాశయంలోని ఫైబ్రాయిడ్ గడ్డను కోత లేకుండా చంపుతుంది. చేతి వణుకును అక్కడికక్కడే తగ్గిస్తుంది. మెదడు రక్తనాళాల గోడలను కాసేపు వదులు చేసి మందును లోపలికి పోనిస్తుంది. పీహెచ్‌డీ స్కాలర్‌గానో, ఎంటెక్ ప్రాజెక్టు కోసమో, ఎండీ పూర్తి చేసిన డాక్టరుగానో ఈ రంగంలోకి ఇప్పుడిప్పుడే వస్తున్నవాళ్ల కోసం ఈ వ్యాసం.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. ముందు ధ్వనిని కొలవడం నేర్చుకోండి, చికిత్స సంగతి ఆ తర్వాత. ఈ ధ్వని కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. ఫోకస్ దగ్గర పీడనం ఎంతుందో తెలియకుండానే కణాల మీద, ఎలుకల మీద ప్రయోగాలు చేసేయవచ్చు. ఫలితాలు వస్తాయి, పేపరు కూడా అచ్చవుతుంది. కానీ మోతాదు తెలియని ఆ ఫలితాన్ని ఇంకో ల్యాబులో తిరిగి రాబట్టడం ఎవరి తరమూ కాదు. అలా వృథాగా పోయిన పని ఈ రంగంలో చాలా ఉంది.

మొదటి అడుగు: మీ ప్రయోగంలో పని చేసేది ఏమిటి?

శరీరంలో అల్ట్రాసౌండ్ ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది. కణజాలం ధ్వనిని పీల్చుకుని వేడెక్కుతుంది. పీడనం బాగా పడిపోయిన క్షణంలో ద్రవంలో బుడగలు పుట్టి, ఉబ్బి, కుప్పకూలతాయి. దీన్ని కావిటేషన్ అంటారు. ఈ రెండూ కాక, ధ్వని తాను వెళ్తున్న వైపుకు వస్తువును నెడుతుంది.

అమెరికాలో ఎఫ్‌డీఏ 2004లో ఫైబ్రాయిడ్లకు, 2012లో ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పికి, 2016లో ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు జబ్బుకు ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌ను అనుమతించింది. ఆ మూడింట్లోనూ పని చేసేది వేడే. 2023 అక్టోబరులో కాలేయ కణితులకు అనుమతి పొందిన హిస్టోట్రిప్సీ దారి వేరు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ పద్ధతిలో మైక్రోసెకన్ల పాటు సాగే బలమైన పల్స్‌లు బుడగల మబ్బును పుట్టించి కణజాలాన్ని నుజ్జు చేస్తాయి. అక్కడ వేడి పుట్టకుండా చూసుకోవడమే నేర్పు. మెదడులోకి మందు పంపే పద్ధతిలోనూ బుడగలే ముఖ్యం, కానీ అవి సూదితో రక్తంలోకి ఎక్కించిన మైక్రోబబుల్స్. కుల్లెర్వో హైనినెన్ బృందం 2001లో దీన్ని కుందేళ్లలో చూపించింది. ఈ మైక్రోబబుల్స్‌కు చాలా తక్కువ పీడనం చాలు.

మీ గైడ్ ఏ అంశం ఇచ్చినా సరే, నోటుపుస్తకం మొదటి పేజీలో ఒక వాక్యం రాయండి: నా ప్రయోగంలో పని చేసేది వేడి, లేదా బుడగ, లేదా నెట్టుడు. ఆ వాక్యాన్ని బట్టి మీరు కొలవాల్సినవి మారతాయి. వేడి అయితే మొత్తం పవర్, సమయం ముఖ్యం. బుడగ అయితే రుణ పీడనం శిఖరం ఎంత, ఫ్రీక్వెన్సీ ఎంత అన్నది ముఖ్యం. ఈ వాక్యం రాయలేకపోతే పరికరం కొనడానికి ఇంకా సమయం రాలేదన్నమాట.

చదవాల్సినవి

కాబోల్డ్ రాసిన 'ఫౌండేషన్స్ ఆఫ్ బయోమెడికల్ అల్ట్రాసౌండ్', హిల్, బాంబర్, టెర్ హార్ సంపాదకత్వంలోని 'ఫిజికల్ ప్రిన్సిపుల్స్ ఆఫ్ మెడికల్ అల్ట్రాసోనిక్స్' లైబ్రరీలో ఉంటే అవి చాలు. రెండూ పూర్తిగా చదవనక్కర్లేదు. తరంగం, కణజాలంలో క్షీణత, కొలతలు అన్న అధ్యాయాలు మాత్రం పెన్సిల్ పట్టుకుని, లెక్కలు వేసుకుంటూ చదవాలి.

చరిత్ర కూడా కాస్త చదవండి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాముల జాడ పట్టే ప్రయోగాలు చేస్తూ పాల్ లాంజెవాఁ తన ధ్వని దారిలో చిక్కిన చేపలు చచ్చిపోవడం గమనించాడు. 1927లో వుడ్, లూమిస్ జీవకణాల మీద ధ్వని ప్రభావాన్ని వరసగా పరీక్షించారు. 1942లో లిన్ బృందం ఫోకస్ చేసిన ధ్వనితో కాలేయంలో లోపలి మచ్చ పెట్టగలిగింది. 1950లలో ఇల్లినాయిలో ఫ్రై సోదరులు మెదడుకు చికిత్స చేశారు, కానీ పుర్రెలో ముక్క తీసి చేయాల్సి వచ్చింది. పుర్రె తెరవకుండా అదే పని చేయడానికి, లోపలి వేడిని బయటినుంచే చూపించే ఎమ్మారై రావాల్సి వచ్చింది, వెయ్యికి పైగా చిన్న భాగాలున్న ట్రాన్స్‌డ్యూసర్ (కరెంటును ధ్వనిగా మార్చే పరికరం) కూడా రావాల్సి వచ్చింది. 1942 నుంచి 2016 దాకా పట్టిన కాలంలో ఎక్కువ భాగం చూడటానికి, కొలవడానికి దారులు వెతకడానికే పోయింది.

నీళ్ల దగ్గర మొదలుపెట్టండి

ట్రాన్స్‌డ్యూసర్‌ను గాలిలో ఎప్పుడూ నడపకండి. ధ్వని గాలిలోకి పోలేదు. శక్తంతా లోపలి సిరామిక్ బిళ్లలోనే వేడిగా మారి బిళ్ల పగిలిపోవచ్చు. అందుకే మన పనంతా నీళ్ల ట్యాంకులోనే.

అయితే మామూలు నీళ్లు పనికిరావు. గాలికి తెరిచి ఉన్న నీళ్లలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. గట్టి ధ్వని తగలగానే ఆ గాలి బుడగలై దారికి అడ్డుపడుతుంది. ఎక్కువ తీవ్రతతో పని చేసేటప్పుడు ఇది 4 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వాక్యూమ్ పంపు ఉంటే సరే. లేకపోతే డిస్టిల్డ్ నీళ్లను పావుగంట మరిగించి, వేడి తట్టే పాత్రలో అంచు దాకా నింపి, మూత పెట్టి చల్లారనివ్వండి. ట్యాంకులోకి ఎత్తు నుంచి ధారగా పోస్తే చేసిన పనంతా పోతుంది, గాలి మళ్లీ కలుస్తుంది. పైపు కొసను అడుగున ఆనించి నెమ్మదిగా వదలాలి. బోరు నీళ్లు వద్దు. మన ఊళ్ల బోరు నీళ్లలోని సున్నం ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద పొరలా పేరుకుంటుంది.

ట్రాన్స్‌డ్యూసర్‌ను దించాక పక్కనుంచి టార్చి వేసి చూడండి. ముఖం మీద వెండిలా మెరిసే చుక్కలు కనిపిస్తే అవి బుడగలే. మెత్తని బ్రష్‌తో తుడవండి, లేదా సిరంజితో నీళ్లు చిమ్మండి. గిన్నె ఆకారపు ట్రాన్స్‌డ్యూసర్‌ను బోర్లించి దించితే నడిమి గుంటలో గాలి చిక్కుకుంటుంది. కాబట్టి ఏటవాలుగా దించి, ఆ తర్వాత తిప్పండి. ఎదురు గోడకు ధ్వనిని పీల్చే రబ్బరు షీటు అతికించండి. ఇవన్నీ చిన్న పనులే, కానీ వీటిని వదిలేసినవాళ్ల అంకెలు రోజుకో రకంగా వస్తాయి.

తక్కెడతో పవర్ కొలవడం

కొత్తవాళ్లకు నేను అన్నిటికంటే ముందు చేయమనే ప్రయోగం ఇది. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ధ్వని నెడుతుంది అన్నాం కదా, ఆ నెట్టుడును తూకం వేయొచ్చు. నేరుగా వెళ్లే ధ్వని ఒక వాట్ పవర్‌తో వచ్చి పూర్తిగా పీల్చుకునే వస్తువుకు తగిలితే, నీళ్లలో ఆ బలం సుమారు 69 మిల్లీగ్రాముల బరువుకు సమానం. పవర్‌ను ధ్వని వేగంతో, అంటే సెకనుకు 1480 మీటర్లతో, భాగిస్తే బలం వస్తుంది. లెక్క అంతే.

బీకరు అడుగున ధ్వనిని పీల్చే మందపాటి రబ్బరు బిళ్ల పెట్టి, గాలి తీసిన నీళ్లు పోసి, బీకరును తక్కెడ మీద పెట్టండి. ట్రాన్స్‌డ్యూసర్‌ను పైనుంచి స్టాండుకు బిగించి, ముఖం నీళ్లలో మునిగేలా దించండి. అది బీకరుకు ఎక్కడా తగలకూడదు. తక్కెడను సున్నాకు తెచ్చి, ధ్వనిని కొన్ని సెకన్లు వదిలి, ఆపండి. వదిలినప్పుడూ ఆపినప్పుడూ అంకె ఎంత దూకిందో అదే మీకు కావాల్సింది. ఎక్కువసేపు వదిలితే నీళ్లు వేడెక్కి అంకె పక్కకు జారుతుంది. 10 వాట్లకు 690 మిల్లీగ్రాములు కనిపించాలి. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులోని తక్కెడ దీనికి సరిపోతుంది. గిన్నె ఆకారపు ట్రాన్స్‌డ్యూసర్ అయితే ధ్వని అన్ని కోణాల నుంచి వస్తుంది కాబట్టి సవరణ వేసుకోవాలి.

ఇది వచ్చాక ఒక మంచి చిన్న ప్రాజెక్టు మీ ఊళ్లోనే ఉంది. ఫిజియోథెరపీ క్లినిక్‌లో "కరెంటు పెట్టించుకోవడం" అని జనం చెప్పే చికిత్సల్లో ఒకటి అల్ట్రాసౌండే. 1 లేదా 3 మెగాహెర్ట్జ్ మీద, చదరపు సెంటీమీటరుకు 3 వాట్లకు మించకుండా నడిచే పెట్టె అది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డయల్ మీద కనిపించే పవర్‌కూ నిజంగా వచ్చేదానికీ తేడా 20 శాతం లోపు ఉండాలి. చాలా దేశాల్లో జరిగిన సర్వేల్లో ఆ హద్దు దాటిన యంత్రాలు ఎన్నో బయటపడ్డాయి. క్లినిక్ వాళ్లను అడిగి, వాళ్లు తీరిగ్గా ఉన్న వేళ, పేర్లు బయటపెట్టబోమని మాట ఇచ్చి కొలవండి. రోగికి మేలు, మీకు చేతి అలవాటు. గైడ్ దగ్గర నిధులు లేవని ఆగిపోయిన విద్యార్థికి ఇంతకంటే మంచి మొదలు నాకు కనిపించలేదు.

హైడ్రోఫోన్ పట్టుకోవడం

పవర్ మొత్తం ఎంతో తక్కెడ చెబుతుంది. అది ఎక్కడ ఎంత పడుతోందో చెప్పేది హైడ్రోఫోన్. సూది మొన లాంటి ఈ మైకు ఖరీదు లక్షల్లో ఉంటుంది, ఒక్క గట్టి పల్స్‌కు పాడైపోవచ్చు. అందుకే ఎప్పుడూ అతి తక్కువ వోల్టేజీతో, పది ఇరవై ఆవర్తనాల చిన్న పల్స్‌తో మొదలుపెట్టాలి.

ఆసిలోస్కోప్ తెర మీద సున్నా దగ్గరే కనిపించే సంకేతం ధ్వని కాదు, తీగల్లోంచి వచ్చిన విద్యుత్ చప్పుడు. ధ్వని ప్రయాణించడానికి సమయం పడుతుంది. ఫోకస్ దూరం 63 మిల్లీమీటర్లయితే అది సుమారు 43 మైక్రోసెకన్లకు రావాలి. ముందుగా ఆ చోట వెతకండి. దొరికాక మూడు దిక్కుల్లో కొద్దికొద్దిగా కదుపుతూ అత్యధిక పీడనం ఎక్కడుందో పట్టుకోండి. 1 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం మిల్లీమీటరున్నర. కాబట్టి బాగా గుండ్రటి గిన్నెతో వచ్చే ఫోకస్ పొడుగు బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. అంత చిన్న చోటును వెతుకుతున్నప్పుడు ఒక మిల్లీమీటరు తప్పినా అంకె పడిపోతుంది.

వోల్టేజీ పెంచుతూ పోతే తరంగం ఆకారం మారుతుంది. పైశిఖరం నిటారుగా లేస్తుంది, కిందిది మొద్దుగా ఉండిపోతుంది. ఆ స్థాయిలో సూది హైడ్రోఫోన్ నిలవదు, ఫైబర్ ఆప్టిక్ రకం కావాలి. మీ దగ్గర అది లేకపోతే తక్కువ స్థాయిలో కొలిచి, మిగతాది సిమ్యులేషన్‌తో లెక్కకట్టి, లెక్కకట్టామని పేపర్లో స్పష్టంగా రాయండి. హైడ్రోఫోన్ కాలిబ్రేషన్ తేదీ కూడా నోటుపుస్తకంలో ఉండాలి.

జెల్లు, కార్జం

నీళ్లలో కొలిచింది శరీరంలో అంతే ఉండదు. మెత్తని కణజాలంలో ప్రతి సెంటీమీటరుకు, ప్రతి మెగాహెర్ట్జ్‌కు సుమారు అర డెసిబెల్ చొప్పున ధ్వని తగ్గుతుందని లెక్క. 5 సెంటీమీటర్ల లోతుకు 1 మెగాహెర్ట్జ్ దగ్గర 56 శాతం తీవ్రత చేరుతుంది, అదే 3 మెగాహెర్ట్జ్ దగ్గర 18 శాతమే. ఫ్రీక్వెన్సీ ఎంచుకునే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

వేడి మచ్చను కళ్లారా చూడటానికి పాలీయాక్రిలమైడ్ జెల్‌లో కోడిగుడ్డు తెల్లసొన కలుపుతారు. పారదర్శకమైన జెల్ మధ్యలో, ఫోకస్ ఉన్న చోట మాత్రం, తెల్లసొన ఉడికి చిన్న తెల్లని మచ్చ తేలుతుంది. యాక్రిలమైడ్ పొడి నరాలకు విషం. గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు.

తర్వాతి మెట్టు మటన్ కొట్లో అప్పుడే కోసిన మేక కార్జం. ల్యాబుకు తెచ్చాక సెలైన్‌లో ముంచి వాక్యూమ్ కింద పెడితే రక్తనాళాల్లో చేరిన గాలి బయటికొస్తుంది. ఈ పని వదిలేస్తే మీరు చూసేది కణజాలం మీద ధ్వని ప్రభావం కాదు, చిక్కుకున్న గాలి ప్రభావం. 37 డిగ్రీలకు తెచ్చాకే మొదలుపెట్టండి. అయ్యాక కోసి చూస్తే ముదురు ఎరుపు మధ్య పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి.

వేడి మోతాదుకు ఈ రంగమంతా వాడే కొలత సాపరెటో, డ్యూయీ 1984లో ఇచ్చినది. ఎంత వేడి ఎంతసేపు తగిలినా దాన్ని 43 డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలకు సమానమో మార్చి చెబుతారు. సాధారణంగా 240 నిమిషాలు దాటితే కణజాలం చనిపోయినట్టు తీసుకుంటారు. 43 దాటాక ప్రతి డిగ్రీకి సమయం సగమవుతుంది. 44 దగ్గర 120 నిమిషాలు, 50 దగ్గర రెండు నిమిషాల లోపు, 56 దగ్గర రెండు సెకన్ల లోపు. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ సెకన్లలో పని ముగించగలగడానికి కారణం ఇదే. ఉష్ణోగ్రత కొలతలో రెండు మూడు డిగ్రీలు తప్పితే మోతాదు నాలుగు నుంచి ఎనిమిది రెట్లు తప్పుతుంది. థర్మోకపుల్‌ను నేరుగా ధ్వని దారిలో పెడితే దాని తీగ చుట్టూ జరిగే రాపిడి వల్ల ధ్వని మొదలైన వెంటనే అంకె అసలుకంటే ఎక్కువ చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

సిమ్యులేషన్‌కు లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు ఉచితంగా అందిస్తున్న కె-వేవ్ చాలు. దాన్ని ముందు మీ ట్యాంకు కొలతలతో సరిపోల్చండి. నీళ్లలోనే సరిపోలని మోడల్‌తో పుర్రె లోపల లెక్కలు వేయడం దండగ.

కణాలు, జంతువులు, పోలిక

బయాలజీ వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది కల్చర్ ప్లేటు కింద ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి, పైకి ధ్వని వదులుతారు. ప్లేటులోని ద్రవం పైన గాలి ఉంటుంది. ధ్వని అక్కడ తగిలి దాదాపు పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. వెళ్లేదీ వచ్చేదీ కలిసి, కణాలున్న చోట పీడనం కొన్నిచోట్ల రెట్టింపు, కొన్నిచోట్ల దాదాపు సున్నా అవుతుంది. ద్రవం అర మిల్లీమీటరు ఎక్కువైనా ఈ అమరిక మారిపోతుంది. ప్లేటు ప్లాస్టిక్ కూడా వేడెక్కుతుంది. ధ్వని సులువుగా దాటే పల్చని పొర అడుగున్న పాత్ర తీసుకుని, పైన గాలికి బదులు పీల్చే రబ్బరు ఉండేలా అమర్చండి. ఒక ప్లేటుకు థర్మోకపుల్ పెట్టి వేడి ఎంత పెరిగిందో విడిగా చూడండి.

పోలిక గుంపు ఎంత ముఖ్యమో చెప్పే ఉదంతాలు ఈ రంగంలోనే ఉన్నాయి. అల్ట్రాసౌండ్ మెదడు కణాలను నేరుగా కదిలిస్తోందని అనుకున్న కొన్ని జంతు ప్రయోగాల్లో జంతువు నిజానికి పల్స్‌ల శబ్దం వింటోందని 2018లో 'న్యూరాన్' పత్రికలో రెండు బృందాలు చూపించాయి. విరిగిన ఎముక త్వరగా అతుకుతుందని తక్కువ తీవ్రత అల్ట్రాసౌండ్‌కు 1994లోనే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2016లో 500 మందికి పైగా కాలి ఎముక రోగులతో చేసిన ట్రయల్‌లో డమ్మీ యంత్రానికీ అసలు యంత్రానికీ తేడా కనిపించలేదు. అదే 2016లో వణుకు జబ్బు మీద 76 మందితో చేసిన ట్రయల్ డమ్మీ చికిత్సతో పోల్చి నెగ్గింది. డమ్మీలో కూడా యంత్రం చప్పుడు, జెల్, పట్టే సమయం అన్నీ అసలులాగే ఉండాలి.

అనుమతులు, ఆలస్యం కాకముందే

జంతువులైతే మీ సంస్థ జంతు నైతిక సంఘం. మనుషులైతే నైతిక సంఘం, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు, మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు. కొత్త పరికరమైతే 2017 వైద్య పరికరాల నిబంధనలు. ఇవి చాలామందికి తెలుసు. తెలియక ఇరుక్కునేది ఇంకొకటి ఉంది. ఫోకస్ ఎక్కడ పడుతోందో చూడటానికి ల్యాబుకు స్కానింగ్ యంత్రం కావాలనుకుంటాం. మన దేశంలో గర్భస్థ లింగ నిర్ధారణను ఆపే 1994 చట్టం కింద, ఇంజనీరింగ్ కాలేజీ అయినా సరే, ఆ యంత్రం పెట్టే చోటును ముందు నమోదు చేయించాలి. నమోదు లేని చోటుకు కంపెనీ యంత్రం అమ్మకూడదు. ఈ చట్టం వెనకున్న కారణం చాలా బలమైనది, దాన్ని గౌరవించాలి. పరికరానికి ఆర్డరు పెట్టే నెలలో కాక, ప్రాజెక్టు ప్రతిపాదన రాసే నెలలోనే ఈ కాగితాలు కదపండి.

మనుషులను కలవండి

ఈ రంగానికి సొంత సంఘం ఉంది, అంతర్జాతీయ చికిత్సా అల్ట్రాసౌండ్ సంఘం, ఐఎస్‌టీయూ. మొదటి సదస్సు 2001లో చైనాలోని చోంగ్‌చింగ్‌లో జరిగింది. కంటి చికిత్సలో అల్ట్రాసౌండ్ వాడకానికి దారి వేసిన ఫ్రెడరిక్ లిజ్జీ పేరిట యువ పరిశోధకులకు ఈ సంఘం అవార్డు ఇస్తుంది. ఫ్రాన్స్‌లోని లెజూష్ భౌతికశాస్త్ర కేంద్రంలో ఈ విషయం మీద శీతాకాలపు పాఠశాల జరుగుతూ ఉంటుంది. అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో 2006లో మొదలైన ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ ఫౌండేషన్ పరిశోధనలకు నిధులిస్తుంది. దగ్గర్లో చూస్తే గాంధీనగర్ ఐఐటీలో ఈ పని జరుగుతోంది. పవర్ కొలతల ప్రమాణాల కోసం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంది. ఉత్తరం రాసేటప్పుడు "మీతో పని చేయాలని ఉంది" అని రాయకండి. మీ తక్కెడ అంకెలు, ఫోకస్ పటం జతచేసి, ఒక ప్రశ్న అడగండి. జవాబు వచ్చే అవకాశం చాలా పెరుగుతుంది.

సదస్సుల కంటే ముందు మీ ఊరి పెద్దాసుపత్రిలో ఒక సర్జన్‌ను, ఒక రేడియాలజిస్టును పరిచయం చేసుకోండి. వాళ్లతో కూర్చుని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రోగి కదలకుండా ఎంతసేపు పడుకోగలడు? ఊపిరి తీసినప్పుడు కాలేయం సెంటీమీటరుకు పైగా కదులుతుంది కదా, మత్తు ఇచ్చి ఊపిరి ఆపించడం ఎంతసేపు కుదురుతుంది? కణితి పక్కటెముకల చాటున ఉంటే ధ్వని ఏ సందులోంచి వెళ్లాలి? గ్యాస్ నిండిన పేగు అడ్డొస్తే రోగిని ఎటు తిప్పి పడుకోబెడతారు? ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులను బట్టే మీ తర్వాతి ట్రాన్స్‌డ్యూసర్ వ్యాసం, ఫోకస్ దూరం, ఫ్రీక్వెన్సీ నిర్ణయించుకోండి.